మిట్టకు మోసిన మట్టి

ఆ ఊళ్లో నేలను నమ్మడానికి లేదు. పైన జానెడు మట్టి, కింద అంతా సున్నపురాయి, ఆ రాతినిండా బొక్కలు. కురిసిన వాన కాసేపైనా నిలవకుండా ఆ బొక్కల్లోకి దిగిపోతుంది, పోతూ పోతూ మట్టినీ వెంటబెట్టుకుపోతుంది. అందుకే వానలు వెనకబట్టగానే అక్కడివాళ్లు పల్లంలో పేరుకున్న మట్టిని తట్టలకెత్తి మళ్లీ మిట్టకు మోసుకుంటారు.

టమాటాల పెద్దమ్మ తోటంతా అలా మోసిన మట్టే. పెళ్లయిన కొత్తలో ఆమె, పెనిమిటి కలిసి మోశారు. ఆయన తట్ట ఆమె నెత్తికెత్తి, దారిపొడవునా వాగుతూనే ఉండేవాడు. ఏ వేరు రాతి సందున ఎటు పోతుందో, సున్నం ఎక్కువైతే ఆకు ఎందుకు పాలిపోతుందో, అన్నీ ఆయనకే కావాలి. "నోరు నొప్పెట్టదా మీకు?" అని ఆమె విసుక్కునేది. ఆ నోరు మూతపడి ఏడాదైంది. ఇప్పుడు ఆ సోది కోసమే ఆమె ప్రాణం కొట్టుకుపోతోంది.

తోట మధ్యలో ఆయన నాటిన ముళ్లపొద ఒకటుంది. పువ్వూ లేదు, కాయా లేదు. తిండికి తిమ్మరాజు, పనికి పోతరాజు. గుప్పెడు మట్టి బంగారమైన చోట అది అంత మేర తినేస్తుంటే పెద్దమ్మకు కడుపు మండేది. ఆయన ఉన్నన్నాళ్లూ ముట్టుకోనివ్వలేదు. ఈ ఏడు దాన్ని పీకి నిమ్మచెట్టు పెడదామని ఆడపడుచును సాయానికి పిలిచింది.

"అన్నయ్యే ఉంటే దీనికి అడ్డంగా పడుకునేవాడు వదినా," అంది ఆడపడుచు, గునపం అందిస్తూ.

"పడుకోనీ. ఆయన చుట్టూ తవ్వేదాన్ని."

ఇద్దరూ పగలబడి నవ్వారు.

ఒక పక్క వేళ్లు తెగాయో లేదో, లోపల ఏదో జారింది. పొద మొదట్లో నల్లగా బొక్క తెరుచుకుంది. గుల్లచేసిన మట్టి, పక్కనున్న టమాటా మొక్కలతో సహా, కళ్లముందే అందులోకి దిగిపోయింది. అది ఎక్కడో లోతున రాలుతున్న చప్పుడు పైకి వినిపించింది.

"రాళ్లు! రాళ్లు పట్రావే!" అని అరుస్తూ పెద్దమ్మ బోర్లా పడి పొదను రెండు చేతులా వాటేసుకుంది. ఆడపడుచు దొరికిన రాయల్లా తెచ్చి కుక్కింది. చాలాసేపటికి మట్టి జారడం ఆగింది. అవతలి పక్క ఇంకా తెగని వేళ్లు రాతి అంచుల్ని కరుచుకుని, బొక్క మీద వలలా అల్లుకుని, ఉన్న తోటనంతా మోస్తున్నాయి.

ఆడపడుచు రొప్పుతూ కూలబడింది. "బొక్కకు మూతేశాడన్నమాట. ఈ సంగతి అన్నయ్య నీకెప్పుడూ చెప్పలేదా వదినా?"

ముళ్లు గీరుకుపోయిన చేతుల్ని పెద్దమ్మ ఇంకా పొదలోంచి తీయలేదు. కళ్లనీళ్లు మట్టిలోకి కారిపోతున్నాయి.

"చెప్పే ఉంటారే," అంది. "తట్ట ఎత్తిన ప్రతిసారీ చెప్పే ఉంటారు. వింటే కదా నేను."