అచ్చం అలాంటి చేపే

నేను ఒక గాజుతొట్టిని. నీళ్ళు పోసేదాకా ఐదు అద్దాల పలకల్ని, కాస్త జిగురుని, అంతే. కాకినాడలో నన్ను అతికించిన మస్తాన్ ఒక రోజంతా నీళ్ళు నింపి ఉంచి, చుక్కయినా కారలేదని నమ్మకం కుదిరాకే దుకాణానికి పంపాడు. మనుషుల్నీ ఇలా పరీక్షించి పంపితే బాగుండుననుకునేదాన్ని. వాళ్ళు కారడం చాలా ఏళ్ళకిగానీ మొదలవదని తర్వాత తెలిసింది.

నన్ను కొన్నావిడ అలివేణి. ఆమె భర్త భుజంగరావు గ్రంథాలయంలో పనిచేసినన్నాళ్ళూ ఏ పుస్తకం ఏ అరలో ఉందో కళ్ళు మూసుకుని చెప్పేవాడట. యాభై తొమ్మిదో ఏటికి సొంతింట్లో స్నానాలగది వెతుక్కుంటున్నాడు. మతిమరుపు జబ్బు. పెళ్ళాం ఎవరో కూడా మరిచి, ఆమెని "మీరు" అంటున్నాడు.

"ముప్ఫైరెండేళ్ళ కాపురంలో నాకింత మర్యాద ఎప్పుడూ జరగలేదొదినా" అని పక్కింటి సీతారత్నంతో నవ్వేసి, వంటింట్లోకెళ్ళి కొంగు కళ్ళకద్దుకుంది అలివేణి. చేపల్ని చూస్తూ కూర్చుంటే ఆయన మనసు నిలుస్తుందేమో, ఏదో ఒకనాటికి తనని గుర్తుపడతాడేమో అని ఆవిడ ఆశ.

ఇసుక పోసి, మొక్కలు నాటి, నీళ్ళు నింపింది. నీళ్ళు కుదురుకునేదాకా నెల్లాళ్ళు చేపలు వెయ్యొద్దన్నాడు దుకాణదారు.

"ఏంటొదినా, పులుసు కాచి ముక్కలెయ్యడం మర్చిపోయావా?" అంది సీతారత్నం.

రెండో వారానికి ఆకులన్నీ కరిగి కుళ్ళిపోయాయి. అలివేణి దుకాణదారుకి ఫోన్ చేసి లబోదిబోమంది.

"ఆయ్, కంగారు పడకండమ్మా. పాతాకులు పోతాయండి. వేరు బతికుంటే కొత్తాకు అదే వస్తాది."

ఆ మాట పట్టుకుని ఆవిడ రోజూ వేళ్ళవైపు చూసేది. తర్వాత ఆయనవైపు చూసేది.

మొక్కలకి కొత్తాకు వచ్చింది. ఆరు గప్పీ చేపలూ వచ్చాయి. భుజంగరావు కుర్చీ లాక్కుని నా ముందే కాపురం పెట్టాడు. చిటికెడు మేత వేసేవాడు. వేసిన సంగతి మరిచి మళ్ళీ వేసేవాడు. "పాపం, పొద్దుటినుంచీ ఏమీ తినలేదండీ" అంటూ ఏడోసారి. ఆవిడ డబ్బా దాచేస్తే ఇడ్లీ చిదిమి వేశాడు. నీళ్ళు మురిగాయి. ఆయనకి బాగా ఇష్టమైన ఎర్రతోకది వెల్లకిలా తేలింది.

ఆయన నిద్ర లేచేలోగా అలివేణి దాన్ని తీసేసి, ఆటోలో పరుగెత్తి, అచ్చం అలాంటిదే తెచ్చి వేసింది.

సాయంత్రం ఆయన నా అద్దానికి ముక్కు ఆనించి చాలాసేపు చూశాడు.

"ఇది మనది కాదండీ."

"అదేనండీ."

"కాదు. మనదానికి తోక మొదట్లో నల్లచుక్క ఉంటుంది. రోజూ చూసేదాన్ని ఆమాత్రం గుర్తుపట్టనా?"

అలివేణి గబుక్కున ఆయనకీ నాకూ మధ్య మోకాళ్ళ మీద కూర్చుంది. "అయితే నన్ను చూడండి. సరిగ్గా చూడండి."

చేపని చూసినంత శ్రద్ధగా చూశాడు. తర్వాత చేతులు జోడించాడు.

"మీరు చాలా మంచివారండీ. రోజూ వచ్చి కనిపెట్టుకుంటున్నారు. పొద్దుపోతోంది, ఇంటి దగ్గర మీ ఆయన ఎదురుచూస్తుంటాడు. వెళ్ళిరండి."

"అలాగేనండీ" అంది అలివేణి. నిజంగానే గడప దాటి తలుపు దగ్గరగా వేసింది. కాసేపటికి గంట మోగింది. ఆయనే వెళ్ళి తీశాడు.

"ఎవరు కావాలండీ?"

"మా ఆయన."

"లోపలికొచ్చి కూర్చోండి. వచ్చేస్తాడు" అన్నాడు భుజంగరావు, తన కుర్చీ ఆమెకి జరుపుతూ.

ఇద్దరూ నా ఎదుట కూర్చుని ఎదురుచూస్తున్నారు.