జాతీయాదాయంలో చేరని వంట

అమ్మ నేరేడుచర్లలో ప్రాణం విడిచిన పొద్దున సారమ్మ సూర్యాపేటలో, ఇంటి వెనక రేకుల షెడ్డు కింద, పెద్ద గంజులో బగారన్నానికి ఉల్లిగడ్డలు వేయిస్తోంది. ఆ రోజు వాళ్ల కాన్వెంటు బడి వార్షికోత్సవం. బియ్యాన్ని పరదేశాలకు పంపడం మొదలుపెట్టిన మిర్యాలగూడ మిల్లు సేటు ముఖ్య అతిథి. బడి మీద మరో అంతస్తు వేయడానికి ఆయన సాయం చేస్తాడని భర్త సోమయ్య ఆశ. అందుకే పొద్దుటి నుంచి పదేపదే షెడ్డులోకి వచ్చి మూతలు తీసి చూస్తున్నాడు. పదింటికి ఆఫీసు గదిలో ఫోను మోగింది. ఆ తరువాత ఆయన మూతలు తీయడానికి రాలేదు. తన వంట మీద నమ్మకం కుదిరిందేమో అనుకుంది సారమ్మ.

అతిథులు తిన్నారు. పిల్లలు డాన్సులు చేశారు. అందరూ వెళ్లిపోయి, ఆమె గంజులు తోమి బోర్లించాక సోమయ్య దగ్గరికి వచ్చి మెల్లగా అన్నాడు.

"మీ అమ్మ పోయింది."

"ఎప్పుడు?"

"పొద్దున. పదింటికి మీ తమ్ముడు ఫోన్ చేసిండు."

"నాకెందుకు చెప్పలే?"

"చెప్తే నువ్వు ఆగుతవా?"

"ఆగను."

"అందుకే చెప్పలే. ఇంతమందిని పిల్సుకొని, నడుమల వంట ఇడిసిపెట్టి పోతే నా ఇజ్జత్ ఏం గావాలె? పోయిన మనిషి ఇగ యాడికి పోదు గదా."

చివరి మాట అన్నాక ఆయనే కొంచెం తడబడ్డాడు. కిరాయి జీపు మాట్లాడి ఉంచానన్నాడు, అదొక ఉపకారం అన్నట్టు.

వాళ్లు నేరేడుచర్ల చేరేసరికి అంతా అయిపోయింది. సమాధి దగ్గరి నుంచి వచ్చినవాళ్లు వాకిట్లో కూర్చుని ఉన్నారు. తమ్ముడు ముత్తయ్య ఎదురొచ్చి ఆమె నుదుటి మీద చెయ్యి పెట్టి చూశాడు.

"జరం తగ్గిందా అక్కా? నీకు లేవస్తలేదని బావ ఫోన్ల చెప్పిండు, మీరు కానియ్యిండ్రి అన్నడు. అయినా పొద్దు వంగేదాక సూసినం. ఇగ ఆపొద్దని పాస్టరు గారన్నడు."

సారమ్మ భర్త వైపు చూసింది. ఆయన వంగి చెప్పుల దుమ్ము దులుపుకుంటున్నాడు. ఏడ్చి కళ్లు వాచిన ఇంతమంది మధ్య మొగుణ్ణి నిలబెట్టి అడగడం ఎట్లాగో ఆమెకు తెలియలేదు. ఆయన మాట పోకుండా కాపాడటం పెళ్లయిన నాటి నుంచీ అలవాటైన పని.

"తగ్గింది" అంది.

కాన్వెంటు పెట్టకముందు సోమయ్యకు ఎరువుల దుకాణం ఉండేది. దేశం తలుపులు తెరిచిందని పేపర్లో చదివినప్పటి నుంచి ఆయనకు నిలకడ లేదు. "ఇగ ఇంగ్లీషు రానోడు గడప అవతలనే ఉంటడు సారా" అనేవాడు. ఇన్నేళ్ల సారమ్మ అట్లా సారా అయింది. దుకాణం అమ్మి ఇంటి పై గదుల్లో తరగతులు పెట్టాడు. లారీ డ్రైవర్లు, కోదాడ వైపు సిమెంటు ఫ్యాక్టరీల్లో పనిచేసేవాళ్లు పిల్లల మెడకు టైలు కట్టి తెచ్చి దింపారు. హాస్టలు మొదలైంది. వంటకు రంగి అనే ఆమెను జీతానికి పెట్టుకున్నారు. ఏడాది తిరక్కుండానే సోమయ్య రంగిని మాన్పించాడు. "ఇంట్ల మనిషి ఉండంగ బయటి మనిషెందుకు?" అన్నాడు. ఆ ఇంట్లో మనిషి గరిడేపల్లి హైస్కూల్లో సోషల్ టీచరు. చీకటితో లేచి హాస్టలు పిల్లలకు ఉప్మా చేసి, బస్సెక్కి వెళ్లి పాఠాలు చెప్పి, సాయంత్రం బస్సు దిగి మళ్లీ గంజు ఎత్తేది. ఆమె జీతం కాన్వెంటు టీచర్ల జీతాలకు పోయేది. ఒకసారి నడుము పట్టేసి రంగిని మళ్లీ పిలుద్దామంటే ఆయన నవ్వాడు. "మన బడికి మనం జేసుకోనికె గూడ కూలి లెక్కనా?" ఆ 'మన' బడి బోర్డు మీద ఒక్క సోమయ్య పేరే ఉంది.

తల్లి పోయాక సారమ్మ మళ్లీ గరిడేపల్లి బడికి వెళ్లిన వారంలో పదో తరగతికి జాతీయాదాయం పాఠం వచ్చింది. వంటమనిషికి ఇచ్చే జీతం జాతీయాదాయంలో చేరుతుంది, యజమాని ఆమెనే పెళ్లి చేసుకుంటే అదే వంట చేరదు. ఏటా చెప్పే ఉదాహరణే. ఏటా పిల్లలు నవ్వుతారు. ఈసారి తండా నుంచి వచ్చే తార లేచి నిలబడింది.

"గట్లయితే పెండ్లి చేసుకుంటే దేశానికి నష్టమా టీచర్?"

"లెక్కలో తగ్గుతుంది. వంట తగ్గదు."

"మరి లాభం ఎవలకు?"

"తినేటోళ్లకు" అని వెనక బెంచీలో ఎవరో అన్నారు. తరగతంతా గొల్లుమంది.

సారమ్మ సుద్దముక్క పట్టుకుని అట్లాగే నిలబడింది. రంగిని మాన్పించిన రోజున దేశం ఆదాయం రంగి జీతమంత తగ్గింది. సోమయ్యకు అంత డబ్బు మిగిలింది. దేశం ముందుకు పోతోందని వార్షికోత్సవం నాడు సేటు మైకులో చెబుతున్నప్పుడు తాను షెడ్డులో పచ్చిపులుసు కలుపుతోంది. ఆ వంట ఏ లెక్కలోకీ రాదు. కాని అమ్మ చచ్చిపోయినా అది ఒక్క పూట ఆగడానికి వీల్లేదు. లెక్కకు రాని పనికి అంత అవసరం ఎట్లా వచ్చిందో పుస్తకంలో రాయలేదు.

ఆ సాయంత్రం సోమయ్య హుషారుగా ఉన్నాడు.

"సేటు అంతస్తుకు ఒప్పుకున్నడు. నీ పచ్చిపులుసు సింగపూర్ల గూడ దొరకదన్నడు. ఇగ గరిడేపల్లి ఖతం. నీ రాజీనామా టైపు కొట్టిచ్చిన, సంతకం పెట్టు. ప్రిన్సిపాల్ అని నీ పేరు రాయిస్త."

"జీతం?"

"ఎవలికి?"

"ప్రిన్సిపాల్‌కు."

"మల్ల గదే మాట. ఆలుమగల నడుమ జీతమేంది సారా? నలుగురు నవ్వుతరు."

"హాస్టలు వంట?"

"ఇగ నువ్వు దినమంత ఇంట్లనే ఉంటవ్ గదా."

సారమ్మ ఆ కాగితాన్ని మొదటి నుంచి చివరి దాకా చదివింది. వ్యక్తిగత కారణాల వల్ల అని ఉంది. చదవడం అయ్యాక మడిచి ఆయన చేతిలోనే పెట్టింది.

"నేను పెట్టను. రేపటి సంది హాస్టలు పొయ్యి గూడ ముట్టియ్యను. ఇయ్యాల బస్సు దిగినంక రంగితోని మాట్లాడిన, పొద్దున వస్తది. దాని జీతం మీరే ఇయ్యాలె."

"మీ అమ్మ పోయినప్పటి సంది నీకు మతి మంచిగ లేదు."

"అమ్మ పోయిన నాడు మంచిగనే ఉండె. వంటల ఉప్పు గూడ సరిపోయింది."

ఆమె లోపలికి వెళ్లి పిల్లల పరీక్ష పేపర్లు ముందేసుకుంది. చాలాసేపు ఆయన వాకిట్లో తిరుగుతున్న చప్పుడు వినిపించింది.

తెల్లవారి రంగి వచ్చి పొయ్యి ముట్టించింది. సోమయ్య షెడ్డు దగ్గర నిలబడి ఆమెతో బేరమాడుతుంటే సారమ్మ చేతిసంచీ తీసుకుని బస్‌స్టాండుకు నడిచింది. బస్సులో తెలిసిన కండక్టరు ఒక సీసా అందించాడు. మిరియాల కషాయం. అక్కకు జ్వరం తిరగబెట్టకుండా ముత్తయ్య పంపాడట. సారమ్మ దాన్ని ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. బస్సు గరిడేపల్లిలో ఆమెను దింపి నేరేడుచర్ల వైపు వెళ్లిపోయింది.

అమ్మ పోయిన రోజు తనకు జ్వరం లేదని ఆమె తమ్ముడికి ఇంకా చెప్పలేదు.