అవ్వ నాలుక, లండన్ సీసా

మా ఇంట్లో అవ్వకు నాలుక పని నాది.

వానాకాలంలో అవ్వకు జ్వరం వచ్చింది. తగ్గిపోయింది కానీ, పోతూ పోతూ ఆమె నోటి రుచినీ ముక్కు వాసననూ వెంట తీసుకుపోయింది. మొయినాబాద్ డాక్టరు "మెల్లగా వస్తుంది, కొందరికి నెలలు పడుతుంది" అన్నాడు. అప్పటినుంచీ అవ్వకు మాంసం కూరైనా మక్క గటకైనా ఒకటే. "మన్ను బుక్కినట్టున్నది" అని రెండు ముద్దలు తిని చేయి కడిగేస్తుంది. జాకెట్లు భుజాల మీంచి జారుతున్నాయి. ప్రతి పూటా ఆ కంచం ఎత్తేటప్పుడు అమ్మ ముఖం చూడలేకపోయేదాన్ని.

అందుకే భోజనాల దగ్గర నేను కూర్చుని కూర రుచి ఎట్లా ఉందో వర్ణించాలని అమ్మ ఏర్పాటు చేసింది. వింటూ తింటే ఇంకో ముద్ద దిగుతుందని ఆమె ఆశ. నేను డైరీ రాస్తాను కాబట్టి నాకు మాటలు వచ్చని మా ఊరు కనకమామిడిలో ఇంటివాళ్ల నమ్మకం. చేవెళ్ల కాలేజీలో నేను "ప్రెజెంట్ సార్" అంటే పక్కన కూర్చున్న మా ఊరి స్నిగ్ధకే వినబడదని వాళ్లకు తెలియదు. బెంచీ మీద ఉండగానే ఆబ్సెంట్ పడిన ఘనత నాది.

అవ్వ ముందు మాత్రం నేను మహావక్తను. "అవ్వా, ఈ చింతకాయ తొక్కు ఉన్నదే, ముందు పులుపు పలకరిస్తది, మనం మాట్లాడేలోపల కారం వచ్చి వీపు మీద సరుస్తది" అనేదాన్ని. అవ్వ తల ఊపి, "అట్లనా బిడ్డా, మంచిగున్నదన్నట్టు" అనేది. ఆ మాట డైరీలో రాసుకుని మురిసిపోయేదాన్ని. కంచంలో మిగిలిన అన్నం గురించి రాసేదాన్ని కాదు.

పోయిన ఆదివారం బాపు తమ్ముడు నవీన్ చిన్నాయిన వచ్చాడు. అజీజ్‌నగర్‌లో ఒక రిసార్టు చూసుకుంటాడు. సంచిలోంచి మందు సీసా ఒకటి తీసి, పసిపిల్లను పడుకోబెట్టినంత జాగ్రత్తగా గద్దె మీద పెట్టాడు. రిసార్టు యజమాని ఎప్పుడో లండన్ నుంచి తెచ్చుకుని దాచుకున్నదట. ఇప్పుడు ఆయన మందు ముట్టకూడదు కాబట్టి చిన్నాయినకు ఇచ్చేశాడు.

"దీన్ని బార్లీవైన్ అంటరు వదినా. అసలైతే బీరే, గని వైన్ అంత ఘాటుంటది. సీసల పోసి ఏండ్లకేండ్లు పండబెడ్తరు. ఇది నా పెండ్లికన్న ముందుది."

"నీ పెండ్లికన్న ముందుదా! పాసిపోయుంటది, పారబొయ్యి" అంది అమ్మ.

"పాసిపోవుడు వేరు, పాతబడుడు వేరు వదినా."

చేవెళ్ల మార్కెట్లో టమాటాలు దించి అప్పుడే వచ్చిన బాపు సీసా అందుకుని ఫ్రిజ్ వైపు నడిచాడు. చిన్నాయిన ఉరికి పట్టుకున్నాడు. "అన్నా, గట్ల చెయ్యకు! సల్లగైతే దీని వాసన లెవ్వది. గింత ఘాటు తగిల్తెనన్న అమ్మ నాలుకకు తెలుస్తదేమోనని తెచ్చిన. డాక్టర్ను అడిగిన, ఒక్క గుక్కకు ఏం గాదన్నడు."

మంచం మీదినుంచి అవ్వ, "ఇంగ్లీషోళ్ల కల్లా? తే, సూద్దాం" అంది.

మూత తీస్తే బీరులా బుస్సుమనలేదు. నిద్రలో ఎవరో నిట్టూర్చినట్టు అంది, అంతే. గాజు గ్లాసులో పోస్తే కషాయం రంగు, ఎండకు పెడితే అంచుల్లో ఎరుపు. చిన్నాయిన ఏదో చెప్పబోయేలోగా అవ్వ గ్లాసు పట్టుకుని వాకిట్లోకి వెళ్లి నేల మీద ధారగా పోసింది. తాగేముందు పోయినవాళ్లకు సాక పోయడం మాకు అలవాటే. కానీ కల్లయితే ముంతలు ముంతలు ఉంటుంది.

"అమ్మా, చాలు! ఉన్నది ఒక్కటే సీస!"

"మీ బాపుకు పొయ్యకుంట తాగుతనారా? ఆయిన లండన్ సూడకనే పాయె. గిట్లనన్న సూడనీ."

తాతకు అయ్యాక పోశమ్మ తల్లికి పోసింది. చిన్నాయిన కళ్లు మూసుకున్నాడు. గ్లాసు అడుగున రెండు గుక్కలు మిగిలాయి. అవ్వ వచ్చి కూర్చుని నన్ను పిలిచింది.

"సంజనా, చెప్పు బిడ్డా. ఎట్లున్నది?"

"వాసన సూసి చెప్పు. నోట్లె పెట్టినవంటే కాళ్లిరగ్గొడ్త" అంది అమ్మ.

ముక్కు పెట్టాను. ఇక నన్ను ఆపేవాళ్లు లేరు. "అవ్వా, ఇది అరిసెల పాకం. కొంచెం మాడిన పాకం. అండ్ల ఎండు ఖర్జూరం, నల్ల కిస్మిస్ నానబెట్టినట్టున్నది. పాత చెక్క బీరువ తలుపు తెరిచినట్టున్నది. మొత్తానికి తియ్యగ, మెత్తగ, గొంతుల జారిపోతది." నాలుకకు ఆనించని దాని గురించి ఇంత ధైర్యంగా ఎన్నికల్లో నిలబడినవాళ్లయినా మాట్లాడలేరు. చిన్నాయిన, "అరే, నువ్వు మా రిసార్టుల ఉండవలసిన పిల్లవు" అన్నాడు. నేను కాస్త పొడుగయ్యాను.

అవ్వ గుక్క నోట్లో పోసుకుంది. పుక్కిలించింది. మింగింది. ఎప్పటిలా తల ఊపలేదు. ముఖం ముడుచుకుంది.

"తీపెక్కడిదే? శేదు! యాపాకు నమిలినట్టున్నది."

"కాదవ్వా, తీపే" అన్నాను. "బెల్లం పాకం లెక్క..."

"శేదంటున్న గద!"

"జర సక్కగ సూడవ్వా. ఖర్జూరం..."

"నాలుక నీదా నాదా?"

అమ్మ వంటింటి గుమ్మంలో నిలబడిపోయింది. బాపు లేచాడు. చిన్నాయిన సీసాలోంచి ఒక చుక్క అరచేతిలో వేసుకుని నాకి, "ముందు తీపి, ఎనక శేదు. ఉన్నది వదినా, నిజంగనే శేదున్నది" అన్నాడు. అందరికీ అర్థమైంది. నేను మాత్రం ఇంకా కిస్మిస్ దగ్గరే ఉన్నాను. అమ్మ ఉరికొచ్చి అవ్వ రెండు చేతులూ పట్టుకున్నాక గానీ, అవ్వ ఏమందో నా బుర్రకెక్కలేదు.

"తీపి తెల్వలేదా అత్తమ్మా?"

"తెల్వలే. శేదొక్కటే. గని గట్టిగున్నది."

ఆ పూట కాకరకాయ వేపుడు వండారు. అమ్మ కంచంలో అన్నం, పక్కన కాకరకాయ వేసుకొచ్చింది. అవ్వ ముక్క కొరికి, కళ్లు పెద్దవి చేసి, ఇంకో ముక్క తీసుకుంది.

"మరి ఇన్ని దినాలు నేను చెప్తే మంచిగున్నదన్నవు?" అని అడిగాను. నాకింకా రోషం తగ్గలేదు.

"ఏం జేస్త? కాలేజీల నీ నోరు లెవ్వదని స్నిగ్ధ చెప్పింది. ఈడనన్న లెవ్వనీ అని ఊకున్న. నువ్వు చెప్పేదంత ఇంటుంటె నాకు నిద్రొచ్చేది బిడ్డా."

చిన్నాయిన గట్టిగా నవ్వాడు. బాపు నవ్వు దాచుకోవడానికి తువ్వాలు అడ్డం పెట్టుకున్నాడు. సిగ్గుతో నా చెవులు కాలిపోయాయి. అవ్వ అన్నం కలిపి ముద్ద చేసింది, తర్వాత ఇంకోటి, ఆ తర్వాత ఇంకోటి. కంచంలో ఇత్తడి అడుగు కనిపిస్తోంది.

"అవ్వా, కాకరకాయ ఎట్లుంటదంటే..." అన్నాను, ఆగలేక.

"నువ్వు సప్పుడు చెయ్యకు, నన్ను తిననియ్యి" అని కంచం నా ముందుకు జరిపింది. "పోయి ఇంకింత అన్నం పట్టుకరా."