ఎవరూ అడగని పని

"పెరుగు అయిపోయినట్టుంది."

ఫ్రిజ్ తలుపు పట్టుకుని, లోపలున్న క్యారెట్లతో చెబుతున్నట్టు అన్నాడు అభిలాష్. సుధేష్ణ అప్పటికే కోటు వేసుకుని, బ్యాగు భుజాన తగిలించుకుని గుమ్మంలో ఉంది. పనికి ఆలస్యమవుతోంది. అయినా బ్యాగు కింద పెట్టి, పాలు వెచ్చబెట్టి, తోడు వేసి, గిన్నె హీటర్ పక్కన సర్ది మరీ బయల్దేరింది.

అభిలాష్ మంచివాడు. ఈ మాట ఎవరో కాదు, సుధేష్ణే అంటుంది. ఐర్లండ్‌లోని ఈ షానన్‌లో ఉన్న తెలుగువాళ్ళూ అంటారు. గొంతు పెంచడు, వంటకు వంక పెట్టడు, ఇంట్లో ఎవరికీ ఏ పనీ చెప్పడు. మెడికల్ పరికరాల ఫ్యాక్టరీలో క్వాలిటీ ఇంజనీరు కదా, ఎక్కడేం తక్కువైందో చూసి పైకి అనడం మాత్రం అలవాటు. సింకు నిండిందంటాడు. కొడుకు ఆశిష్ షర్టుకి ఇస్త్రీ లేదంటాడు. ఎవరితోనో మాత్రం చెప్పడు. ఆ మాట ఇంకా గాల్లో ఉండగానే సుధేష్ణ లేచిపోతుంది. పెళ్ళయిన కొత్తలో కాకినాడలో అత్తగారు చంద్రకళ గారు ఇంటికొచ్చిన ప్రతివాళ్ళతో మురిసిపోతూ అనేవారు: "మా సుధకి నోరు విప్పి చెప్పక్కర్లేదమ్మా. మన మొహం చూసి పని అందుకుంటుంది." ఆ మెప్పుకి పొంగిపోయిన పిల్ల పదిహేడేళ్ళుగా మొహాలు చూస్తూనే ఉంది.

ఆమె పనిచేసేది క్లేర్ జిల్లాలో సముద్రం ఒడ్డున ఒక పాత గెస్ట్‌హౌస్‌లో. వచ్చినవాళ్ళకి గదులూ భోజనాలూ చూడటం ఆమె ఉద్యోగం. ఎప్పుడూ మధ్యాహ్నానికల్లా ఇంటికి చేరేది. ఈసారి మాత్రం శుక్రవారం నుంచి ఆదివారం దాకా అక్కడే ఉండాలి. యూదుల గురువులు, రబ్బీలు, వచ్చారు. ఒకసారి రబ్బీ అయినంత మాత్రాన చదువు అయిపోయినట్టు కాదట వాళ్ళకి. డబ్లిన్‌లో, బెల్‌ఫాస్ట్‌లో, ఇంగ్లండ్‌లో చిన్న చిన్న సంఘాల్ని నడిపేవాళ్ళు మళ్ళీ విద్యార్థులై కూర్చున్నారు, శాస్త్రం చదవడానికీ మనుషుల్ని నడిపించడం నేర్చుకోవడానికీ. వాళ్ళకి పాఠం చెప్పే రబ్బీ డెబోరా ఏర్పాట్లు మాట్లాడటానికి వారం ముందే వచ్చారు. ఆ రబ్బీ ఆడమనిషి అని తెలిసినప్పుడు సుధేష్ణ కాసేపు ఆవిణ్ణే చూస్తూ ఉండిపోయింది. ఇకపై ఏడాది పాటు నెలకో వారాంతం ఈ కోర్సు నడుస్తుంది. ఏర్పాట్లన్నీ చూసే బాధ్యత తీసుకుంటారా, ఆదివారానికల్లా చెప్పండి అని అడిగారావిడ.

ఇంట్లో చెబితే అభిలాష్ ఫోన్‌లోంచి తల ఎత్తకుండా, "నీ ఇష్టం సుధా. పిల్లలు ఎలాగోలా అలవాటు పడతార్లే" అన్నాడు. ఆ 'ఎలాగోలా' దారి పొడుగునా ఆమె వెంటే వచ్చింది.

శుక్రవారం పొద్దు వాలకముందే గెస్ట్‌హౌస్ మేనేజర్ కెవిన్ ఆమెకి వంటిల్లంతా తిప్పి చూపించి మరీ చెప్పాడు. ఇవాళ సాయంత్రం నుంచి రేపు చీకటి పడేదాకా వాళ్ళకి సబ్బాతు, అంటే విశ్రాంతి రోజు. నిప్పు ముట్టించరు, స్విచ్ వెయ్యరు, ఆపరు, కలం కూడా పట్టరు. శనివారం భోజనానికి చిక్కుడు గింజలూ బార్లీ కలిపి వండిన కూర ఆ హాట్ ప్లేట్ మీదే తెల్లవార్లూ ఉంటుంది. దాన్ని ముట్టుకోవద్దు. సుధేష్ణ బుద్ధిగా తలూపింది.

మర్నాడు పొద్దున వంటింట్లోకి వెళ్ళింది. అక్కడ ఎవరూ లేరు. ప్లేట్ ఎర్రదీపం వెలుగుతోంది. అయ్యో, కరెంటు అనుకుందో లేదో, చెయ్యి దానంతటదే వెళ్ళి స్విచ్ ఆపేసింది. ఖాళీ గదుల్లో లైట్లు ఆపే చెయ్యి, గీజర్లు ఆపే చెయ్యి. ఆపేసి, కప్పులు సర్దుకుని, తన పని మీద తను వెళ్ళిపోయింది.

మధ్యాహ్నం మూత తీస్తే కూర నీలుక్కుపోయి ఉంది. బెల్‌ఫాస్ట్ నుంచి వచ్చిన పెద్దాయన రబ్బీ శామ్యూల్ చల్లటి కూరనే గరిటెతో వడ్డించుకున్నాడు. అప్పుడు గుర్తొచ్చింది సుధేష్ణకి.

"నేనే ఆపేశాను. సారీ. ఇప్పుడే వేసేస్తాను, పది నిమిషాల్లో వేడెక్కుతుంది" అంటూ పరిగెత్తబోయింది.

"వద్దు" అన్నారు డెబోరా. "మాకోసం మీరు వేస్తే దాన్ని మేం తినకూడదు. పైగా మిమ్మల్ని వెయ్యమని అడగకూడదు కూడా. చల్లటి కూర తిని ఎవరూ పోలేదు, కూర్చోండి."

కూర్చోవడం ఎలా? అన్నం పెట్టాల్సిన ఇంట్లో అన్నం చెడగొట్టిన మనిషిలా గోడకి ఆనుకుని నిలబడింది. కనిపించినవాళ్ళందరికీ సారీ చెప్పింది. చెప్పినకొద్దీ తప్పు పెరుగుతున్నట్టే అనిపించింది. ఇంటి దగ్గర పిల్లల్ని వదిలేసి వచ్చింది, ఇక్కడ చూస్తే ఇదీ నిర్వాకం. రెంటికీ చెడ్డ బతుకు అని తనను తనే తిట్టుకుంది.

"మధ్యాహ్నం పాఠానికి విషయం దానంతటదే నడిచొచ్చింది" అని నవ్వారు డెబోరా. "మీరూ రండి."

కాగితాల్లేవు, కలాల్లేవు, అంతా నోటి మాటే. ఇద్దరిద్దరు జతలుగా కూర్చుని గట్టిగా వాదించుకుంటున్నారు. సబ్బాతు నాడు యూదుడు కాని పక్కింటివాణ్ణి దీపం వెయ్యమని అడగకూడదు, సరే. 'లోపల చీకటిగా ఉందే' అని ఊరికే అనొచ్చా? అనొచ్చని ఒకరు, అదీ అడగడమేనని ఒకరు. వందల ఏళ్ళుగా తెగని తగువట అది. తన వంటింట్లోని ఈ ప్రశ్న వీళ్ళకెలా తెలిసిందా అనుకుంది సుధేష్ణ.

డెబోరా వాదనలు ఆపించారు. "శాస్త్రం సంగతి సరే. మీరందరూ మనుషుల్ని నడిపేవాళ్ళు. మీ దగ్గర ఎవరు మీరు ఊరికే అన్న మాటలకి లేచి పని చేస్తున్నారు? అది చెప్పండి."

చివరికి శామ్యూల్ గొంతు సవరించుకున్నాడు. "కుర్చీలు సరిపోవేమో అంటాను. మా ఆవిడ వెళ్ళి తెస్తుంది. నలభై ఏళ్ళ నుంచి."

"సబ్బాతు నాడు విశ్రాంతి ఎవరెవరికి?" సుధేష్ణ అడిగేసింది. అడిగింది తనేనా అని తనే ఉలిక్కిపడింది.

"నీకు, నీ కొడుక్కి, నీ కూతురికి, నీ పనివాళ్ళకి, నీ పశువులకి, నీ గుమ్మంలో ఉన్న పరాయిమనిషికి" అని వేళ్ళు మడిచాడు శామ్యూల్.

"భార్యకి?"

ఆయన వేలు మడవబోయి ఆగాడు. "ఆ 'నీకు'లోనే ఆవిడా ఉందని మా పెద్దలు చెబుతారు."

"అంటే మీరు కూర్చుంటే ఆవిడ కూర్చున్నట్టేనా?"

ఎవరో నవ్వారు. శామ్యూల్ నవ్వలేదు. "ఆవిణ్ణి అడగాలమ్మా. ఎప్పుడూ అడగలేదు" అన్నాడు.

సాయంత్రం ఇంటికి ఫోన్ చేసింది. కూతురు విజేత ఎత్తింది. వెనకాల నీళ్ళ చప్పుడు.

"ఏం చేస్తున్నావే?"

"నథింగ్, అమ్మా. జస్ట్ ద వాష్-అప్."

"ఇవాళ నీకు కమోగీ మ్యాచ్ కదా? ఎలా ఆడావు?"

"డిడ్న్ట్ గో. ఇంట్లో ఎవరైనా ఉంటే కూర అడుగంటకుండా చూసేవాళ్ళు అన్నారు డాడీ. సో ఐ స్టేడ్. పర్లేదు, ఇట్స్ గ్రాండ్."

"ఉండమన్నారా నిన్ను?"

"నో. హీ డిడ్న్ట్ ఆస్క్."

"అన్నయ్యో?"

"అప్‌స్టెయిర్స్. గేమింగ్."

ఫోన్ పెట్టేసి సుధేష్ణ మెట్ల మీద కూలబడి ఏడ్చింది. హాకీలాంటి ఆ ఐరిష్ ఆటలో కర్ర పట్టుకుని వానలో బురదలో పరిగెత్తడమంటే పిల్లకి ప్రాణం. మ్యాచ్ ఉందంటే ముందురోజే జడ బిగించుకుని పడుకుంటుంది. తను ఇల్లు వదిలి వచ్చినందుకేగా ఇదంతా? కాదు, అంతకంటే పెద్ద తప్పే ఉంది. మొన్న ఉగాదికి లిమరిక్ ఊళ్ళో తెలుగువాళ్ళు కలిసిన హాల్లో అందరి ముందూ విజేత భుజం మీద చెయ్యి వేసి తనేమంది? "మా విజ్జీకి చెప్పక్కర్లేదండీ, మొహం చూసి అందుకుంటుంది." అత్తగారి మాట అత్తగారి గొంతుతోనే వచ్చింది. పిల్లకి ఆ రోగం అంటించింది అభిలాష్ ఒక్కడే కాదు.

ఆదివారం పొద్దున్నే డెబోరా దగ్గరికి వెళ్ళింది, 'నావల్ల కాదండీ' అనేద్దామని. ఇల్లూ పిల్లలూ అని నసిగింది. ఆవిడ బతిమాలలేదు. మొహం ముడుచుకోనూలేదు.

"మీరు చెయ్యాలని నా కోరిక. అందుకే నోరు తెరిచి అడుగుతున్నాను. కుదరదంటే అలాగే నోరు తెరిచి కుదరదనండి. నేనేమీ అనుకోను."

కుదరదని చెప్పడానికి వచ్చిన సుధేష్ణ ఆ మాట పక్కన పెట్టింది. తనని ఇలా ఎదురుగా కూర్చోబెట్టి, కాదనే వీలు కూడా చేతికిచ్చి అడిగినవాళ్ళెవరైనా ఉన్నారా అని వెతుక్కుంది. ఎవరూ గుర్తుకు రాలేదు. సాయంత్రానికి చెబుతానని వచ్చేసింది.

ఇంటికి చేరేసరికి అభిలాష్ సోఫాలో ఉన్నాడు. విజేత హోంవర్క్ ముందేసుకుని కూర్చుంది. ఆశిష్ ఇంకా పైనే ఉన్నాడు. సుధేష్ణ షూస్ విప్పి కూతురి పక్కన చేరిందో లేదో, అభిలాష్ కిటికీ వైపు చూస్తూ అన్నాడు.

"టీ టైమ్ అయినట్టుంది."

తల్లీ కూతురూ ఒక్కసారే లేచారు. సగం లేచి, ఒకరినొకరు చూసుకున్నారు. పన్నెండేళ్ళ పిల్ల మొహంలో ఆ తొందర సుధేష్ణకి కనిపించింది. చెయ్యి పట్టి విజేతని కూర్చోబెట్టింది. తనూ కూర్చుంది.

"నిన్ను టీ అడిగారా?"

"నో."

"నన్నూ అడగలేదు. హోంవర్క్ రాసుకో."

అభిలాష్ ఒకసారి ఇటు చూసి, "చలి కూడా బాగా ముదిరింది" అన్నాడు.

పాపం, ఒక్క కప్పు టీ. రెండు రోజులు ఇల్లు చూసుకున్నాడు, వచ్చీరాగానే ఇదా? లోపలి మనిషి గోల పెట్టేస్తోంది. కాళ్ళు లేవమంటున్నాయి. మోకాళ్ళ మీద చేతులు గట్టిగా నొక్కిపెట్టి కూర్చుంది సుధేష్ణ. తప్పు చేస్తున్నట్టే ఉంది. ఉంటే ఉండనీ, ఆ భారం తను మోస్తే విజ్జీ మోయక్కర్లేదు. ఫోన్ తీసి డెబోరాకి రాసింది: 'ఒప్పుకుంటున్నాను. వచ్చే నెల హాట్ ప్లేట్ జోలికి వెళ్ళను.' తర్వాత తల ఎత్తింది.

"ఏవండీ, నాకూ విజ్జీకీ టీ పెట్టి తెస్తారా?"

అభిలాష్ వెనక్కి తిరిగి చూశాడు, వెనక ఇంకెవరైనా ఉన్నారేమోనని.

"నేనా?"

"మిమ్మల్నే" అంది సుధేష్ణ. "అడుగుతున్నాను."