గుమ్మానికి గళ్ళు లేవు

ఆ ఉదయం రక్తపరీక్షకు వచ్చిన ఆరుగురిలో నలుగురు కడుపునిండా తిని వచ్చారు. ల్యాబులో రిసెప్షన్ చూసే అమ్మాయికి ఒళ్ళు మండింది. ఏమీ తినకుండా రమ్మని ముందురోజే అందరికీ చిలక్కి చెప్పినట్టు మెసేజ్ పెట్టింది మరి.

ఒకాయన ఫోను అడిగి చూసింది. "గౌరవనీయులైన మీకు హృదయపూర్వక నమస్కారాలు. రేపు ఉదయం ఏడుకి రక్త పరీక్ష" అని మెసేజ్ అక్కడికే ఆగిపోయింది. ఆ నమస్కారాలు ల్యాబు యజమానురాలైన పెద్దమ్మ ముచ్చటపడి పెట్టించినవి.

మెసేజ్‌లు పంపే కంపెనీకి ఫోన్ చేసి నిలదీసింది.

"మన లిపిలో డెబ్బై అక్షరాలు దాటితే మెసేజ్ రెండు ముక్కలవుతుంది మేడం. గుణింతాలూ పొల్లులూ కూడా విడివిడిగా లెక్కే. కొన్ని పాత ఫోన్లకి రెండో ముక్క చేరదు," అన్నాడతను.

అమ్మాయి గళ్ళకాగితం తీసి, గడికొకటి చొప్పున రాసింది. చుక్క, ఖాళీతో కలిపి నమస్కారాలే నలభై గళ్ళు మింగాయి. అడ్డంగా కొట్టేసింది. "ఏమీ తినకుండా రండి"తో సహా మిగిలిన మెసేజ్ అంతా నలభై ఏడు గళ్ళే.

"పలకరించకుండా రమ్మంటే మర్యాదేనా?" అంది పెద్దమ్మ.

"వచ్చినవాళ్ళని వెనక్కి పంపడం మర్యాదా పెద్దమ్మా? నువ్వేమన్నా అనుకో, ఇది ఇలాగే వెళ్తుంది."

అలాగే వెళ్ళింది. మర్నాడు అందరూ ఖాళీ కడుపుతోనే వచ్చారు. పెద్దమ్మ మాత్రం ఏడు కాకముందే గుమ్మంలో నిలబడి, ఒక్కొక్కరికీ "గౌరవనీయులైన మీకు హృదయపూర్వక నమస్కారాలు" అని పొల్లు పోకుండా అప్పజెప్పింది.

అమ్మాయి నవ్వాపుకోలేకపోయింది.

"ఏంటే చూస్తావ్? గుమ్మానికి గళ్ళు లేవుగా," అంది పెద్దమ్మ.