తొమ్మిదికి నాలుగు

వివేక్ హరిచందనకు పెదనాన్న కొడుకు. బహదూర్‌పురాలో రెండు కుటుంబాలదీ ఒకే ఇల్లు. కింద బర్రెల కొట్టం, పాలమ్మే అరుగు, హరిచందన వాళ్ల రెండు గదులు. పైన పెదనాన్న వాళ్లు. తెల్లారుజామున జూపార్కులో సింహం గర్జిస్తే, కొట్టంలో బర్రెలు చెవైనా కదపవు. అంత అలవాటు వాటికి.

కంప్యూటరు పైనే ఉండేది. ఇంజనీరింగుకని వివేక్‌కు కొనిపెట్టారు. ఇంజనీరింగు రెండో ఏడే ఆగిపోయింది, కంప్యూటరు మాత్రం ఆగలేదు. డిగ్రీ అయిపోయి ఇంట్లోనే ఉంటున్న హరిచందన ఒక మధ్యాహ్నం చాయ్ ఇవ్వడానికి పైకి వెళ్లి, తెర మీద ఆ ఆట చూసింది. మనుషుల్లేని గ్రహం మీద ఒకడు ఒంటరిగా ఫ్యాక్టరీ కడుతున్నాడు. ఇనుము, రాగి తవ్వుతున్నాడు, కరిగిస్తున్నాడు, బెల్టుల మీద యంత్రాలకు పంపుతున్నాడు.

"అన్నా, గీ సర్క్యూట్ బోర్డులు చేసే మెషిన్లు ఎందుకు ఆగి ఆగి నడుస్తున్నయి?" అంది.

"ఏమో. ఇంకో నాలుగు పెడ్త."

"ఇంకో నాలుగు పెడితే అవి గూడ ఉపాసముంటయి. తీగ సాల్తలేదు సూడు. తీగ మెషిన్ సెకనుకు నాలుగు తీగలు ఇస్తది. బోర్డు మెషిన్ ఆరు తింటది. మూడు నాల్లు పన్నెండు, రెండార్లు పన్నెండు. మూడు తీగ మెషిన్లకు రెండు బోర్డు మెషిన్లు పెట్టు, సరిపోతది."

వివేక్ అలాగే పెట్టాడు. కుంటుతున్న వరుస ఒక్కసారిగా నీళ్లు వదిలిన కాలువలా పారింది. వాడు కుర్చీలో వెనక్కి వాలి "వారెవ్వా!" అన్నాడు. చాయ్ చల్లారిపోయింది.

ఆ రోజు నుంచి కింద పని తెమలగానే హరిచందన పైకి చేరేది. ఆట ముగియాలంటే చివరికి రాకెట్ ఎగరేయాలి. ఆమెకు ఆ ఆశ లేదు. యంత్రాలు ఖాళీగా నిలబడకూడదు, బెల్టు మీద సరుకు పేరుకుపోకూడదు, అంతే. కొలిమి దగ్గర మొదలుపెట్టి ముందుకు లెక్క కడితే ఎక్కడో ఒక దగ్గర తప్పుతుంది. అందుకే చివర్లో ఏం కావాలో అక్కడ మొదలుపెట్టి, వెనక్కి, వెనక్కి గని దాకా లెక్క దించేది. బియ్యం ఏరుతున్నప్పుడు కూడా తలలో అదే నడిచేది. ఒక్కోసారి గంజి పొంగి పొయ్యి ఆరిపోయేది. తల్లి ఆండాలు తిట్టేది.

వివేక్ ఆ ఫ్యాక్టరీలను వీడియోలుగా పెట్టడం మొదలుపెట్టాడు. వాడికి మాట చక్కగా వచ్చు. "భాయ్, సునో, మన దగ్గర మస్తు సింపుల్ లెక్క ఉంది" అని మొదలుపెట్టి నవ్విస్తూ చెప్పేవాడు. హరిచందన పక్కనే కూర్చుని, వాడు తడబడితే మైకుకు అందకుండా అంకె చెప్పేది. వాడు దాన్ని అప్పుడే తోచినట్టు పలికేవాడు. కొన్ని నెలల్లోనే చూసేవాళ్లు పెరిగారు. 'లెక్కల భాయ్' అని పేరు పడింది.

ఆమెకు మొదట్లో ఆ పేరు వింటే నవ్వొచ్చేది. తర్వాత్తర్వాత నవ్వు రాలేదు.

"అన్నా, ఒక్క వీడియోల నా పేరు జెప్పు," అంది ఒక రోజు.

"పెట్టిన గదనే. కింద సూడు, 'మా ఫ్యామిలీ సపోర్ట్‌కు థ్యాంక్స్' అని ఉంది."

"నేను ఫ్యామిలీ సపోర్టా?"

"మరేంది? దుష్మన్ సపోర్టా?" అని వాడు నవ్వాడు.

బట్టలు మడుస్తున్న పెద్దమ్మ తల ఎత్తకుండానే అంది. "పేరు జెప్పుడేంది బిడ్డా? గంతమంది మొగపోరగాళ్లు సూసే కాడ ఆడివిల్ల పేరెందుకు? రేపు ఎవడన్న ఏమన్న అంటే లొల్లి గాదా?"

హరిచందన కిందికి దిగిపోయింది. మరునాడు పైకి పోకూడదనుకుంది. కానీ ఆటలో వాడి చమురు శుద్ధి వరుస సగంలో ఉంది. పోయింది.

వేసవిలో మాదాపూర్ దిక్కున ఒక మాల్‌లో ఆటల పోటీ పెట్టారు. ఇద్దరు ఆటగాళ్లు, ఒకటే సమస్య, ఎవరి ఫ్యాక్టరీ ఎక్కువ బోర్డులు చేస్తే వాళ్లు గెలిచినట్టు. వివేక్‌ను పిలిచారు. హరిచందన కూడా వస్తానంది. "కారుల జాగ లేదే, దోస్తులు వస్తున్నరు. లైవ్ వస్తది, ఫోన్‌ల సూడు," అన్నాడు.

కొట్టం పక్కన కూర్చుని ఫోన్‌లో చూసింది. ఈసారి నిర్వాహకులు మెలిక పెట్టారు. బోర్డు మెషిన్లు కొత్తరకం, ఒకటిన్నర రెట్ల వేగం. తీగ మెషిన్లు మాత్రం పాతవే. వివేక్ అలవాటు కొద్దీ మూడుకు రెండు లెక్కనే పరిచాడు. యంత్రాలు తిని, ఆగి, తిని, ఆగి నడిచాయి. ఎదుటి ఆటగాడు ముందుకు పోయాడు. సగం ఆటకు విరామం ఇచ్చారు.

ఆమె చేతిలో ఫోను మోగింది. వివేక్.

ఎత్తలేదు. మళ్లీ మోగింది. మోగనీ అనుకుంది. అందరి ముందు ఓడిపోతే అప్పుడన్నా తెలిసొస్తుంది వాడికి. కానీ లైవ్‌లో వాడి ఫ్యాక్టరీనే చూపిస్తున్నారు. ఆ యంత్రాలు నోళ్లు తెరుచుకుని ఎదురుచూస్తున్నాయి, ఖాళీ బెల్టు తిరుగుతోంది. అది ఆమె చూడలేకపోయింది. మూడోసారి ఎత్తింది.

"చందూ, జల్దీ, ఎన్నికి ఎన్ని?"

"బోర్డు మెషిన్ ఇప్పుడు తొమ్మిది తింటది. తీగ మెషిన్ నాలుగే ఇస్తది. తొమ్మిది తీగ మెషిన్లకు నాలుగు బోర్డు మెషిన్లు."

ఫోను కట్టయింది. బాగున్నావా అని కూడా లేదు.

వివేక్ గెలిచాడు. కొత్త కంప్యూటరు బహుమతి. మైకు పట్టుకున్న అమ్మాయి "ఇంత లెక్క ఎవరు నేర్పారు మీకు?" అని అడిగింది.

"ఎవరు లేరండీ. చిన్నప్పటి నుంచి నా బుర్రల అంకెలు తిరుగుతనే ఉంటయి," అన్నాడు వివేక్.

ఆ సాయంత్రం పైన స్వీట్లు పంచారు. వివేక్ పాత కంప్యూటరు మోసుకొచ్చి హరిచందన మంచం పక్కన పెట్టాడు. "ఇగ ఇది నీదే. ఖుషీయేనా?" అన్నాడు. ఆండాలు సంబరపడిపోయింది.

దాంట్లోనే హరిచందన తన తొలి వీడియో చేసింది. మూడుకు రెండు ఎలా వస్తుందో, యంత్రం మారితే తొమ్మిదికి నాలుగు ఎందుకవుతుందో, చివరి నుంచి వెనక్కి లెక్క ఎలా దించాలో మొదటిసారి తన గొంతుతో చెప్పింది. మధ్యలో రెండుసార్లు దగ్గు వచ్చింది. అయినా తీసేయకుండా పెట్టింది.

మొదటి కామెంట్ గంటలోపే వచ్చింది. 'ఇదంతా లెక్కల భాయ్ వీడియోల్ల చెప్పిందే. కాపీ కొట్టనీకి సిగ్గు లేదా?' దాని కింద మరొకటి, ఆ తర్వాత వరుసగా బోలెడు. ఒకడు వివేక్ వీడియో ముక్కలు పక్కపక్కన పెట్టి, ఆమె ఏ మాట ఎక్కడ దొంగిలించిందో చూపించాడు.

ఆమె పైకి వెళ్లింది. "అన్నా, నువ్వు ఒక్క మాట చెప్తే అయిపోతది."

"ఫికర్ జేయకు. నేను చూసుకుంట," అన్నాడు వాడు.

చెప్పిన మాట నిలబెట్టుకున్నాడు. రాత్రిలోగా ఆమె వీడియో కింద వాడి కామెంట్ కనిపించింది. 'భాయ్, ఆమె మా చెల్లె. నా దగ్గరనే నేర్చుకుంది. చిన్నపిల్ల, వదిలేయుండ్రి.' దానికి ఎర్రగుండెలు కుప్పలుగా పడ్డాయి. 'అన్న మనసు బంగారం' అని రాశారు.

ఆండాలు ఫోను పట్టుకుని అరుగు మీద పాలకొచ్చిన వాళ్లందరికీ చూపించింది. "సూసినవా బిడ్డా, అందరి ముంగట నిన్ను ఎట్ల ఎనకేసుకొచ్చిండో? సొంత అన్న గూడ గిట్ల జెయ్యడు."

వీడియో తీసేద్దామనుకుంది హరిచందన. తీసేస్తే తప్పు ఒప్పుకున్నట్టే. ఉంచితే దొంగ. ఉంచింది.

మర్నాటి నుంచి పైకి పోవడం మానేసింది. వివేక్ మెట్ల మీది నుంచి పిలిచాడు. "చందూ, ప్లాస్టిక్ వరుస ఆగిపోతుంది, ఒక్కసారి రా."

"రాను."

"ఏమాయెనే?"

"నీ బుర్రల తిరుగుతుంటయి గద అంకెలు. అవ్వే అడుగు."

పెద్దమ్మ నొచ్చుకుంది. కంప్యూటరు ఇచ్చినా విశ్వాసం లేదని మెట్ల మీద నిలబడి అంది. కింద తండ్రి మొగులయ్య తల తిప్పకుండా పాలు కొలుస్తూనే ఉన్నాడు.

ఇక వివేక్ ఛానెల్ కుంటుపడుతుందని హరిచందన అనుకుంది. వారం తిరక్కుండానే కొత్త వీడియో వచ్చింది. కావలసిన సరుకు పేరు కొడితే యంత్రాల లెక్క మొత్తం కట్టిచ్చే పేజీలు ఇంటర్నెట్‌లో ఉన్నాయి. వాడికి ఎవరో దోస్తు చెప్పాడు. వీడియోలో నిష్పత్తులన్నీ సరిగ్గానే ఉన్నాయి. బెల్టులు మాత్రం ఒకదాని మీదుగా ఒకటి చిక్కుపడి, ఒక కొలిమి వరుస అడ్డదిడ్డంగా ఉంది. ఆమె అయితే అలా కట్టనిచ్చేది కాదు.

కామెంట్లన్నీ కిందిదాకా చదివింది. ఆ చిక్కు ఎవరికీ కనబడలేదు. ఆమె లేదన్న సంగతి కూడా ఎవరికీ తెలియలేదు.