కండక్టరమ్మ సీటు

విమానం టికెట్లు వచ్చిన రోజు నుంచి కండక్టరుకి కాలు ఒకచోట నిలవడం లేదు. అసలే ముప్ఫై ఒక్క ఏళ్ళు కదిలే బస్సులో నిలబడి బతికిన మనిషి. రిటైరై రెండేళ్ళయినా ఇంట్లో కుర్చీ మీద కుదురుగా కూర్చున్న పాపాన పోలేదు. పేపరు కూడా గోడకి ఆనుకుని, కాళ్ళు ఎడం చేసి నిలబడే చదువుతాడు, ఏ క్షణాన ఇల్లు బ్రేకు వేస్తుందో అన్నట్టు.

అలాంటివాడికి పద్నాలుగు గంటల ప్రయాణం వచ్చిపడింది. భార్య చెల్లెలు సముద్రాల అవతల ఆస్పత్రిలో నర్సు. నలభై ఎనిమిదేళ్ళొచ్చి, ఇక చేసుకోదులే అని చుట్టాలందరూ ఆశ వదిలేసుకున్నాక ఇప్పుడు పెళ్ళి చేసుకుంటోంది. "అక్క వచ్చి పక్కన నిలబడితేనే సంతకం పెడతాను. రాకపోతే ఆయన్ని ఇంకో పదేళ్ళు ఆగమంటాను" అని ఫోనులో తెగేసి చెప్పి రెండు టికెట్లు పంపించింది. టికెట్లయితే వచ్చాయి గాని సీట్లు ఎక్కడో వాటిలో లేదు. ఎవరికి కావలసిన సీటు వాళ్ళు ముందుగా ఎంచుకోవచ్చట. ఆ ముక్క చెవిన పడ్డదే తడవు కండక్టరుకి తిండి సయించలేదు.

సీటు సంగతి ఒకరు అతనికి చెప్పాలా! వెనక చక్రం మీది సీటు నడుం విరుస్తుంది. తలుపు పక్క సీటుకి దుమ్ము, డ్రైవరు వెనక సీటుకి ఇంజను సెగ. వెళ్ళేటప్పుడు ఎడమ వైపు ఎండ, వచ్చేటప్పుడు కుడి వైపు. ఎక్కే మనిషి మొహం చూసి ఎక్కడ కూర్చోబెట్టాలో చెప్పగలడు. ఊరందరికీ మంచి సీట్లు చూపించాడు. తన భార్యకి మాత్రం ఒక్కనాడూ చూపించలేదు.

చూపించకపోవడం కాదు, ఒకసారి ఉన్న సీటులోంచి లేపాడు కూడా. అదీ అసలు బాధ. బస్సు కంపెనీలో కండక్టరు ఇంటివాళ్ళకి పాసు ఇస్తారు. పాసు మీద ఎక్కినవాళ్ళు, టికెట్టు కొన్నవాళ్ళు నిలబడి ఉంటే లేచి సీటు ఇవ్వాలి. అది నియమం. ఆ రోజు బస్సు కిక్కిరిసి ఉంది, పైగా చెకింగు ఆఫీసరు ముందు మెట్టు మీదే ఉన్నాడు. భార్యకి ఏడో నెల. కిటికీ పక్కన కూర్చుని బయటికి చూస్తోంది. కండక్టరు సీట్ల మధ్య నుంచి వచ్చి, "లే, లే, టికెట్టువాళ్ళు నిలబడ్డారు" అన్నాడు. ఆవిడ మారు మాట్లాడకుండా లేచింది. మిల్లు స్టాపు దాకా కడ్డీ పట్టుకుని నిలబడింది. ఇంటికొచ్చాక ఒక్క మాట అనలేదు. మర్నాడూ అనలేదు. అప్పుడు కడుపులో ఉన్న పిల్లకే ఇప్పుడు ముప్ఫై ఏళ్ళు, ఈనాటికీ అనలేదు. తిట్టి ఉంటే బాగుండేది. తిట్టకపోవడం వల్లే అది అతని లోపల ముల్లులా ఉండిపోయింది.

అందుకని ఈ ఒక్క ప్రయాణంలో, ఆకాశంలో ఉన్న సీట్లన్నింటిలోకీ మేలైనది ఆవిడకి ఇప్పించాలి. అది అతని పంతం.

టికెట్ల దుకాణానికి అయిదుసార్లు తిరిగాడు. అక్కడి అమ్మాయి అతను వీధి మలుపులో కనిపించగానే విమానం బొమ్మ తెరిచి పెట్టుకునేది.

"అమ్మాయ్, వెనక చక్రాలు ఎక్కడుంటాయి?"

"రెక్కల దగ్గర, అంకుల్."

"అయితే రెక్కల దగ్గర వద్దు. ఎగిరెగిరి పడతాం."

"గాల్లోకి లేచాక చక్రాలు లోపలికి ముడుచుకుంటాయి అంకుల్."

"ముడుచుకుంటే మాత్రం? చక్రం చక్రమే."

రెండోసారి ఎండ ఏ వైపు పడుతుందని అడిగాడు. మూడోసారి, డ్రైవరుకి దగ్గరగా ఉంటే కబుర్లు వినిపిస్తాయా అని అడిగాడు. నాలుగోసారి, తోవలో ఎక్కడ ఎక్కువమంది దిగుతారని అడిగితే ఆ పిల్ల బల్ల మీద తల పెట్టుకుని నవ్వింది. అయిదోసారి మాత్రం బొమ్మ మీద ఒకచోట వేలు పెట్టి అలాగే ఉండిపోయాడు. అత్యవసర ద్వారం పక్క వరస. ముందు సీటుకీ దానికీ మధ్య బారెడు ఖాళీ. కాళ్ళు చాపుకోవచ్చు, కిటికీ కూడా ఉంది.

"ఇది వేసెయ్!"

"అక్కడ కూర్చునేవాళ్ళు అవసరమైతే ఆ తలుపు తీయగలగాలి అంకుల్. ఆంటీకి ఒంట్లో ఏ ఇబ్బందీ లేదుగా?"

"ఇబ్బందా? తలుపేం ఖర్మ, ఆగిపోతే విమానాన్ని తోసి స్టార్టు చేస్తుంది."

ఆవిడ ఎడమ మోకాలు అరిగిపోయి మూడేళ్ళయింది. అది అతనికి తెలియక కాదు. మోకాలి నొప్పి ఉంది కాబట్టే కాళ్ళు చాపుకునే సీటు కావాలనుకున్నాడు.

ఇంటికొచ్చి, "నీకు మహారాణి సీటు వేయించాను" అన్నాడు. ఆవిడ చెల్లెలి కోసం అల్లిన స్వెట్టరు పెట్టెలో పెడుతూ, "ఊఁ" అంది. అంతకు మించి ఆవిడా అడగలేదు, అతనూ చెప్పలేదు.

విమానాశ్రయంలో ఆ మహారాణి సీటు మూడు నిమిషాల్లో పోయింది. కౌంటరు దగ్గరి అమ్మాయి కుంటుతూ వస్తున్న ఆవిడని చూసి, "కాలికి ఏమైందమ్మా?" అని అడిగింది. కండక్టరు గొంతు సవరించుకున్నాడు, కన్ను గీటాడు, దగ్గు లేకపోయినా దగ్గాడు.

"మోకాలు అరిగిపోయింది తల్లీ" అంది ఆవిడ తీరిగ్గా. "మెట్టు ఎక్కాలంటే ఎండ్రకాయలా పక్కకి తిరిగి ఎక్కాలి. మొన్న స్నానాల గది తలుపు బిగుసుకుపోతే ఈయన వచ్చి తీసేదాకా లోపలే ఉండిపోయాను."

ఇంకేముంది! తలుపు పక్క సీట్లు రెండూ వెనక్కి పోయాయి. విమానం నిండుగా ఉందట. ఆవిడకి ముప్ఫై ఎనిమిదో వరసలో మధ్య సీటు, అతనికి నలభై నాలుగో వరసలో మధ్య సీటు. మధ్య సీటు! బస్సులో ముగ్గురి సీటులో మధ్యవాడి అవస్థ చూసి జీవితమంతా జాలిపడినవాడు.

"ఎందుకు చెప్పావే?" అన్నాడు పళ్ళ మధ్య నుంచి.

"అడిగింది, చెప్పాను. మనిషిని అడిగితే మనిషి చెబుతాడు కదండీ" అంది ఆవిడ.

విమానం ఎక్కాక అతను తన సీటులో రెండు నిమిషాలు కూర్చున్నాడేమో. లేచాడు. అలవాటు చొప్పున మనుషుల్ని లెక్కపెట్టుకుంటూ ముందుకు నడిచాడు. వెనక్కి నడిచాడు. ఎయిర్‌హోస్టెస్ వచ్చి, "కూర్చోండి సర్" అంది. కూర్చున్నాడు. ఆమె వెనుదిరగ్గానే లేచాడు. అరికాళ్ళు జిలపెడుతున్నాయి, చేయి దానంతటదే పై కడ్డీ కోసం వెతుక్కుంటోంది. అక్కడ భార్య మధ్య సీటులో ఇరుక్కుని ఉండగా అతనికి ఒళ్ళు ఎలా నిలుస్తుంది?

అయితే ఊరికే తిరగలేదు. అతని కళ్ళు పని చేస్తూనే ఉన్నాయి. తన పక్కన, నలభై నాలుగులో కిటికీ దగ్గర పదేళ్ళ పాప ఒంటరిగా కూర్చుని ముక్కు ఎగబీలుస్తోంది. దాని తల్లి ముందెక్కడో ముప్ఫై ఒకటో వరసలో మధ్యలో ఉంది. ఆ తల్లి పక్కన కిటికీ దగ్గర ఒక పొడుగాయన, మోకాళ్ళు గడ్డానికి తగిలేట్టు ముడుచుకుని ఉన్నాడు. నలభై నాలుగులోనే నడవ పక్కన ఒక పెద్దాయన ఒళ్ళో చదరంగం పెట్టె పెట్టుకున్నాడు. ఆయన ఆట జోడీ ఎక్కడున్నాడయ్యా అంటే, సరిగ్గా కండక్టరు భార్య పక్కన, కిటికీ దగ్గర!

కండక్టరు మొహం విప్పారింది. సీటు ఇవ్వమని ఎవరినీ బతిమాలకూడదు, వాడికి ఇంకా మంచిది చూపించాలి. ఇది అతని వృత్తి.

పొడుగాయన దగ్గర వంగి, "నడవ పక్కన సీటుంది, కాళ్ళు బయటికి చాపుకోవచ్చు. కావాలా?" అన్నాడు. ఆయన పేరు పిలిచినట్టు లేచాడు. కండక్టరు పాప తల్లివైపు తిరిగి, "మీ పాప పక్కన నా సీటు తీసుకోమ్మా" అన్నాడు. ఆమె కళ్ళు చెమర్చాయి. చదరంగం పెద్దాయనతో, "మీ స్నేహితుడి పక్కన సీటు ఖాళీ చేయిస్తాను, రండి" అన్నాడు. దాంతో ముప్ఫై ఒకటిలో కిటికీ, దాని పక్క సీటు రెండూ మిగులుతాయి. చక్రాలకి ముందు, పొగ లేదు, సెగ లేదు. కిటికీలో ఆవిడ, పక్కన తను!

ఎవరినీ ఇంకా కూర్చోనివ్వకుండా అందరినీ వెంటబెట్టుకుని భార్య వరస దగ్గరికి వచ్చాడు. ఆవిడ అప్పటికే నడవ పక్క సీటులో ఉన్న డ్రాయింగు టీచరుతో జన్మజన్మల స్నేహం కట్టేసింది. వెనక నుంచి వస్తున్నవాడికి ఆవిడ గొంతు ముందే వినిపించింది.

"... అప్పుడు నాకు ఏడో నెల. మిల్లు స్టాపు దాకా నిలబడే ఉన్నాను."

"అయ్యో! నేనైతే ఆ మొగుడితో ఏడాది మాట్లాడను" అంది టీచరు.

"నిలబడినందుకు కాదమ్మా కోపం. అంతకన్నా దూరాలే నిలబడ్డాను. అక్కడ చెకింగు ఆయన ఉన్నాడు, నేనూ చూశాను. ఈయన ఉద్యోగం ఈయనది. 'లేస్తావా?' అని ఒక్క మాట అడిగితే నేనే లేచేదాన్ని, నవ్వుతూ లేచేదాన్ని. అడగలేదు. 'లే' అన్నాడు. సీటు మీద ఎవరో మరిచిపోయిన సంచిని తీసినట్టు."

కండక్టరు అక్కడే ఆగిపోయాడు. ముప్ఫై ఏళ్ళుగా తను మోస్తున్నది ఒకటి, ఆవిడ మోస్తున్నది ఇంకొకటా! ఆ మాట లోపలికి దిగుతోందో లేదో, వెనక నుంచి పెద్దాయన పెట్టె వీపుకి తగిలింది. పొడుగాయన ఆయన వెనక, తల్లి ఆయన వెనక, అందరి వెనకా ఎయిర్‌హోస్టెస్ "దారి ఇవ్వండి, దారి ఇవ్వండి" అంటోంది. రద్దీ చూస్తే అతని నోరు అతని మాట వినదు.

"లే, లే, కిటికీ సీటు దొరికింది, తొందరగా" అనేశాడు.

అన్నాక తెలిసింది ఏమన్నాడో. టీచరు నోరు తెరిచి ఆవిడ వంక చూసింది, అతని వంక చూసింది. ఆవిడ మాత్రం కదల్లేదు. నింపాదిగా తల తిప్పి మొగుణ్ణి ఎగాదిగా చూసింది.

"ఈయనేనా?" అంది టీచరు.

"ఈయనే" అంది ఆవిడ.

"ఏం కండక్టరు గారూ," అన్నాడు పొడుగాయన వెనక నుంచి, "బండి కదులుతుందా, బ్రేక్‌డౌనా?"

కండక్టరు చెవులు ఎర్రబడ్డాయి. చేతులు సీటు మీద పెట్టి వంగాడు. "కాదు... ఇదిగో... నీకు ఎక్కడ కూర్చోవాలని ఉంది?"

"నాకా?"

"నీకే."

"ఆలోచించుకోనివ్వండి."

ఆలోచించుకుంది. వెనక ముగ్గురు నిలబడి ఉన్నా, ఎయిర్‌హోస్టెస్ గడియారం చూసుకుంటున్నా తొందరపడలేదు. ఎవరెవరు ఎక్కడెక్కడికని అడిగింది. అతను చెప్పాడు. విన్నది, వేళ్ళు మడుచుకుంది, కిటికీ దగ్గరున్న చదరంగం ఆయన్ని పలకరించింది.

"అన్నయ్యగారూ, మీరూ మీ స్నేహితుడూ ముందు ముప్ఫై ఒకటిలో పక్కపక్కన కూర్చుని ఆడుకుంటారా? కిటికీ కూడా మీకే."

"దానికేం చెల్లెమ్మా, బ్రహ్మాండం" అని ఆయన సంచి అందుకున్నాడు.

"ఆ పొడుగు బాబుని నడవ పక్కకి పోనివ్వండి. ఆ తల్లిని బిడ్డ దగ్గరికి పంపండి. నేను ఇక్కడి నుంచి కదలను. ఈ టీచరమ్మకి నా పెళ్ళి దాకా చెప్పాను, ఇంకా కాపురం ఉంది. మీరు ఆ కిటికీలోకి వెళ్ళండి."

"నేనా? కిటికీలోనా? అది నీ కోసం..."

"నా కోసమే వెళ్ళండి. నా సీటు నేను చెప్పానుగా."

అతను ఆవిడ మోకాలు దాటుకుని కిటికీ దగ్గరికి చేరి కూర్చున్నాడు. బెల్టు ఆవిడే చూపించింది ఎలా పెట్టుకోవాలో. విమానం పరుగెత్తింది, లేచింది. కిందికి చూస్తే ఇళ్ళు, రోడ్లు, రోడ్ల మీద అగ్గిపెట్టెల్లా బస్సులు. చూశాడు కాసేపు. ఎంత సేపని చూస్తాడు?

పావుగంటకి కుడికాలు ఊగడం మొదలైంది. అరగంటకి రెండు కాళ్ళూ. అటు గోడ, ఇటు భార్య, ఆ పక్కన టీచరు. లేవాలంటే ఇద్దరు లేవాలి. అందులో ఒకరికి మోకాలి నొప్పి. ముప్ఫై ఒక్క ఏళ్ళలో ఎన్ని వేలమందిని "జరగండి, లేవండి" అన్నాడో, ఇప్పుడు ఆ ఒక్క మాటని అడిగే మాటగా తిప్పుకోవాల్సి వచ్చింది. మనసులో రెండుసార్లు అనుకుని చూసుకున్నాడు.

"ఆ రోజు..." అన్నాడు చివరికి, మెల్లిగా. "అడగాల్సింది."

"ఊఁ" అంది ఆవిడ. తల తిప్పలేదు గాని టీచరుతో చెబుతున్న మాట ఆపింది.

"ఇప్పుడు అడుగుతున్నాను. కాస్త లేస్తావా?"

"ఎందుకూ?"

"ఊరికే. నిలబడాలని ఉంది."

ఆవిడ నవ్వు ఆపుకుంది. "లేస్తాను. ఈ ముక్క అవనివ్వండి, మంచి పట్టులో ఉంది."

కండక్టరు సగం లేచి, పైనున్న సామాన్ల అరకి తల తగలకుండా వంగి నిలబడ్డాడు. ఆవిడ అవతలికి తిరిగి మళ్ళీ అందుకుంది. అది కాపురానికొచ్చిన మొదటి వారం ముక్క. ఇంకా చాలా ఉంది. అతను అలాగే వంగి, అడ్డు రాకుండా వింటూ ఆగాడు.